తోక మెలి తిరుగుతున్న పెద్ద మోడల్ విమానానికి బలం కట్టాను: నా అనుభవం

జనవరి చివర్లో, రేడియోతో ఎగరవేసే నా మోడల్ విమానం తోక భాగంలో, చట్రం మీద ఇస్త్రీ పెట్టెతో అతికించే పలచటి ప్లాస్టిక్ ఫిల్ము మీద ఏటవాలు ముడతలు కనిపించాయి. రెక్క వెనక అంచు దగ్గర మొదలై తోక వైపు, రెండు పక్కలా, సుమారు 45 డిగ్రీల వాలులో. ఇస్త్రీ పెట్టెతో లాగితే పోయాయి. మళ్లీ ఎగరవేసి దింపేసరికి అవే చోట్ల, అదే వాలులో తిరిగి వచ్చాయి. ఎండకు సడలిన ఫిల్ము ఎటుపడితే అటు ముడత పడుతుంది. ముడతలన్నీ ఒకే వాలులో ఉన్నాయంటే లోపలి చట్రం మెలి తిరుగుతోందనీ, చట్రం మోయవలసిన భారాన్ని పలచటి ఫిల్ము మోస్తోందనీ అర్థం. ఆ రోజే విమానాన్ని పక్కన పెట్టేశాను.

రెక్కల కొన నుంచి కొనకు 2.2 మీటర్లు, 60 సీసీ ఒంటి సిలిండరు పెట్రోలు ఇంజిను, ఇంధనం పోయకముందు ఎనిమిది కిలోలకు కాస్త తక్కువ. విన్యాసాల కోసం చేసిన రకం కాబట్టి బరువు తగ్గించడానికి చట్రంలో ఎక్కడికక్కడ కిటికీలు కోసి ఉంటాయి. ఇంత బరువున్నది గాలిలో ఉండగా తోక ఊడితే పోయేది విమానం ఒక్కటే కాదు, కింద మనుషులుంటారు. ఈ పని చేస్తున్నంత కాలం నా మనసులో ఉన్న భయం అదే. పని ఎన్ని వారాలు సాగినా తొందరపడకుండా ఆపింది కూడా అదే.

మొదట చేసింది చూడటం. పై మూత తీసి, టార్చి, పళ్ల డాక్టరు వాడే లాంటి చిన్న అద్దం పట్టుకుని ముక్కు నుంచి తోక దాకా ప్రతి అతుకునూ చూశాను. ఇంజిను బిగించే ఫైర్‌వాల్ 6 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్. ముక్కకు ఏమీ కాలేదు కానీ, అది పక్క పలకను కలిసే చోట సన్నటి నల్ల గీత ఉంది. వేలితో తడిమితే నూనె తగిలింది. అతుకు విచ్చింది కాబట్టే పెట్రోలులో కలిపే టూ స్ట్రోక్ నూనె అందులోకి దిగింది. పక్క పలకల మీద నాణెంతో తట్టుకుంటూ పోతే ఒకచోట ఖంగుమనే మోత పోయి చప్పగా వినిపించింది. అక్కడ లోపల అతికిన ప్లైవుడ్ పొర బాల్సా (చాలా తేలికైన చెక్క) నుంచి విడిపోయి ఉంది. చక్రాల కాళ్లు బిగించే పలకను పట్టుకుని అటూ ఇటూ కదిపితే కంటికి తెలియని కదలిక చేతికి తెలిసింది.

బలం కట్టడానికి ముందు ఎంత బలహీనంగా ఉందో అంకెల్లో తెలుసుకోవాలనుకున్నాను. లేకపోతే పని పూర్తయ్యాక నిజంగా ఏమైనా మారిందో లేదో ఎలా తెలుస్తుంది? రెండు రెక్కలనూ మోసే రెక్కల గొట్టాన్ని రెండు వైపులా బల్లకు కదలకుండా బిగించి, తోక చివర అడ్డంగా ఒక కర్ర కట్టి, మధ్య నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో కిలో బరువు వేలాడదీశాను. కర్ర మీద ఫోను పెట్టి, అందులోని రసమట్టంతో కోణం చూశాను. ఫిల్ము ఉన్నప్పుడు తోక రెండున్నర డిగ్రీలు తిరిగింది. ఫిల్ము ఒలిచేశాక అదే బరువుకు ఆరు డిగ్రీలు! సగానికి పైగా బిగువు ఫిల్ముదేనన్నమాట. ఎండలో ముదురు రంగు ఫిల్ము మెత్తబడి సడలితే ఆ ఆసరా కూడా పోతుంది.

ఎందుకిలా అని బోసిగా ఉన్న చట్రాన్ని ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పక్కల్లో ఏటవాలు బద్దలు ఉన్నాయి. కింది వైపు, పై వైపు మాత్రం నిచ్చెనలా అడ్డ బద్దలే. నాలుగు పుల్లలతో కట్టిన చతురస్రం మూల పట్టి నెడితే ఒరిగిపోతుంది, ఏటవాలుగా ఒక్క పుల్ల వేస్తే నిలుస్తుంది. పెట్టెలాంటి ఫ్యూజిలేజ్ (విమానం మొండెం) మెలికను తట్టుకోవాలంటే నాలుగు ముఖాలూ అలా నిలవాలి. ఒక్క ముఖం ఒరిగినా మిగతా మూడింటి బిగువు చాలావరకు వృథా. నాలుగు మూలల బద్దలకూ కార్బన్ పీచు పట్టీలు అతికిస్తే సరిపోతుందని అంతకుముందు నాకు చాలామంది చెప్పారు. మూల పట్టీలు వంగడాన్ని ఆపుతాయి, మెలికను పెద్దగా ఆపవు. ఈ తేడా తెలియకపోతే ఎంత ఖరీదైన కార్బన్ వేసినా ముడతలు మళ్లీ వస్తాయి.

సామాను రావడానికి దాదాపు నెల పట్టింది. నిదానంగా గట్టిపడే రకం లామినేటింగ్ ఎపాక్సీ (బట్టను తడిపి అతికించే, రెండు పాళ్లు కలిపే జిగురు), 160 గ్రాముల గ్లాస్ క్లాత్ (గాజు పీచుతో నేసిన బట్ట, చదరపు మీటరుకు 160 గ్రాములు), 200 గ్రాముల కార్బన్ క్లాత్ చిన్న ముక్క, 4 మిల్లీమీటర్ల కార్బన్ గొట్టాలు, 1×6 మిల్లీమీటర్ల కార్బన్ పట్టీలు, పొడి చేసిన గాజు పీచు, సిలికా పొడి. ఖర్చు విషయంలో కార్బన్‌దే పెద్ద వాటా అనుకున్నాను, కాదు. నైట్రైల్ చేతి తొడుగులు, పారేసే బ్రష్షులు, కలిపే గిన్నెలు, మాస్కు ఫిల్టర్లు, గరుకు కాగితాలు, చివర్లో కొత్త ఫిల్ము, ఇవన్నీ కలిపితే కార్బన్ మీద పెట్టినదాన్ని దాటిపోయాయి. మొదలుపెట్టేవారు ఆ లెక్క వేసుకోండి.

ఆ నెలంతా నూనె తీసే పనితో గడిచింది. నూనె పీల్చిన చెక్కకు ఏ జిగురూ పట్టదు, పైకి పట్టినట్టు కనిపిస్తుంది కానీ మొదటి ఇంజిను అదురుకే ఊడుతుంది. టాల్కం పొడిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముద్దలా కలిపి ఆ నల్ల గీత చుట్టూ దట్టంగా పూశాను. వేడి గాలి యంత్రాన్ని దూరంగా పట్టుకుని వెచ్చ చేస్తే లోపలి నూనె పైకి వచ్చి తెల్లటి పొడి లేత గోధుమ రంగుకు మారింది. రాత్రంతా వదిలి, పొద్దున బ్రష్షుతో దులిపి, మళ్లీ పూశాను. పొడి ఆరాక కూడా తెల్లగానే ఉండేదాకా ఇదే పని. దీనికి అడ్డదారి నాకు దొరకలేదు. చివర్లో విచ్చిన అతుకులోకి సన్నటి బ్లేడు దూర్చి పాత జిగురును గీకాను. రాలినది పొడిగా, పెళుసుగా ఉన్నాకే తృప్తి కలిగింది.

మార్చి 2న ఫైర్‌వాల్‌తో అసలు పని మొదలైంది. అతుకులోకి పలచటి ఎపాక్సీ దిగేలా వేడి గాలి కొద్దిగా తగిలించి, క్లాంపులు బిగించి, 24 గంటలు ముట్టుకోలేదు. ఆ తర్వాత పక్క పలకల గుండా ఫైర్‌వాల్ అంచులోకి బెజ్జాలు తొలిచి, రెండున్నర మిల్లీమీటర్ల వెదురు చీలలు జిగురుతో దిగగొట్టాను. ఆరు మిల్లీమీటర్ల మందం మధ్యలోకి సూటిగా దిగాలి, కాబట్టి తొలిచేటప్పుడు మూలమట్టం పక్కన పెట్టుకుని చూసుకున్నాను. అతుకు జిగురు మీద మాత్రమే ఆధారపడితే ప్రొపెల్లరు లాగుడుకు అది ఒలుచుకుంటూ వస్తుంది. చీలలు ఉంటే ముందు అవి తెగాలి.

వెనక వైపు మూలల్లో త్రికోణపు బద్దలు అతికించి, ఎపాక్సీలో గాజు పీచు, సిలికా కలిపిన చిక్కటి ముద్దతో మూలను గుండ్రంగా నింపాను. ఇక్కడ చాలామంది తేలిగ్గా ఉంటుందని మైక్రోబెలూన్లు (లోపల బోలుగా ఉండే అతి సన్నటి గోళీల పొడి) కలుపుతారు. అవి గుంతలు పూడ్చి నునుపు చేయడానికి బాగుంటాయి, భారం మోసే చోటికి పనికిరావు. మూలను గుండ్రంగా చేయడానికి కారణం ఉంది: గాజు బట్ట పదునైన మూలలోకి మడవదు, లేచి నిలబడి కింద గాలి మిగులుతుంది. ముద్ద ఇంకా పచ్చిగా ఉండగానే దాని మీద గ్లాస్ క్లాత్ పట్టీ వేసి, దాని పోగులు అతుకుకు 45 డిగ్రీల్లో ఉండేలా సర్ది, ఎపాక్సీతో తడిపాను. తెల్లటి బట్ట తడిసి పారదర్శకంగా మారి కింద చెక్క గీతలు కనిపిస్తే తడి సరిపోయినట్టే. అంతకు మించి పోసినదంతా బరువే తప్ప బలం కాదు. పాత ప్లాస్టిక్ కార్డుతో మెల్లగా నొక్కి లాగి, కాగితపు రుమాలుతో అద్దితే అదనపు ఎపాక్సీ ఆశ్చర్యపోయేంత వచ్చింది.

ఎపాక్సీ గురించి ఇంకో మాట. డబ్బా మీద రాసిన పాళ్లు బరువు లెక్కా, ఘనపరిమాణం లెక్కా అని ముందే చూసుకుని, పదో వంతు గ్రాము చూపే తూకం మీదే కలపండి. కొంచెం కొంచెమే కలపండి. లోతైన గిన్నెలో ఎక్కువ కలిపితే దాని వేడికి అదే ఉడికి పొగలు కక్కుతుంది. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి వంపితే పని చేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. గది వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ వ్యవధి ఇంచుమించు సగమవుతుంది.

చక్రాల పలక పని తొందరగానే అయింది. పలకను మూడేసి మిల్లీమీటర్ల రెండు పొరలుగా కొత్తగా చేసి, దాన్ని ముందూ వెనకా ఉన్న అడ్డ చట్రాల వరకూ, అక్కడి నుంచి రెక్కల గొట్టం పట్టుకునే చట్రం వరకూ కార్బన్ క్లాత్‌తో కలిపాను. విమానంలో బరువైన భారమంతా చివరకు రెక్కల గొట్టం దగ్గరికే చేరాలి. మధ్యలో ఎక్కడ ఆగిపోతే అక్కడే పగులుతుంది. అందుకే బట్ట చివరలను గుమ్మం గడపలా ఒకే గీత మీద ఆపకుండా, ఒక పొర కంటే ఇంకో పొర పొట్టిగా, అంచు వేళ్లలా కోసి వేశాను. కాళ్లను పలకకు కట్టింది మాత్రం కావాలనే నైలాన్ బోల్టులతో. ఆ సంగతి చివర్లో చెబుతాను.

మార్చి మూడో వారంలో తోక పని. నాకు అన్నిటికంటే భయం వేసింది ఇక్కడే. ఏటవాలు బద్దలు అతికించే ముందు ఫ్యూజిలేజ్ కొంచెం మెలి తిరిగి ఉంటే ఆ మెలిక శాశ్వతంగా అలాగే గడ్డకడుతుంది. ఆ తర్వాత సరిచేయడం ఉండదు. రెక్కల గొట్టం, తోక రెక్కల గొట్టం రెండూ దూర్చి, వెనక నుంచి కొన్ని మీటర్ల దూరంలో నేల మీద కూర్చుని ఒక కన్ను మూసి చూశాను. ఒకదాని మీద ఒకటి సమానంగా కనిపించాలి. తర్వాత ఒక గొట్టం కొన నుంచి ఇంకో గొట్టం కొనకు రెండు పక్కలా దారంతో కొలిచాను. రెండు పక్కలకూ మధ్య మిల్లీమీటరున్నర తేడా ఉంది. బల్ల మీద సన్నటి చెక్క ముక్కలు దూర్చి, తేడా పోయేదాకా సర్ది, ఇసుక సంచులతో అదిమాను.

ఏటవాలుకు పట్టీ కాకుండా గొట్టం ఎంచుకున్నది ఎందుకంటే, తోక ఒకవైపు మెలి తిరిగితే బద్ద లాగబడుతుంది, రెండోవైపు తిరిగితే నొక్కబడుతుంది. సన్నటి పట్టీ లాగుడుకు నిలుస్తుంది, నొక్కుడుకు వంగిపోతుంది. గొట్టం రెండింటికీ నిలుస్తుంది. ఒక్కో గడికి ఒక్కో ముక్క, పాము నడకలో ఇటొకటి అటొకటిగా. గొట్టాన్ని కోసే ముందు ఆ చోట టేపు చుట్టి, సన్నటి పళ్ల రంపంతో కోస్తే చివర చీలదు. గుండ్రటి గొట్టం చదును బద్దకు ఒక గీత మీదే తగులుతుంది, కాబట్టి చివరలను కొద్దిగా గరుకు చేసి, ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్లైవుడ్ మూల ముక్కలో గాడి తీసి కూర్చోబెట్టి, గాజు పీచు ముద్దతో పొదిగాను. పై ముఖంలో చేయి పట్టేది కష్టం. వీపు బద్దల సందుల్లోంచి పట్టకారుతో ఒక్కో ముక్కా లోపలికి పంపి, వేలి కొనతో తడుముకుంటూ గాడిలో వేయాల్సి వచ్చింది. ముక్క గాడిలో పడినప్పుడు చిన్నగా టిక్కుమనేది. ఆ చప్పుడు కోసం ఊపిరి బిగపట్టి వినేవాణ్ణి.

అనుకోని ఇబ్బంది ఒకటి ఎదురైంది. చుక్కానిని లాగే జంట ఉక్కు తీగలు వెళ్లే దారికి ఒక గొట్టం అడ్డం వచ్చింది. ఆ గడిలో వాలును తిప్పి వేశాను. తీగ కార్బన్ అంచును రాసుకుంటే తీగైనా తెగుతుంది, గొట్టమైనా అరుగుతుంది. ఏది అతికించినా ముందు తీగలన్నీ పెట్టి చూసుకోండి. చుక్కానిని రెండు వైపులా చివరిదాకా తిప్పి కూడా చూడండి.

మూల బద్దలకు కార్బన్ పట్టీలు ఆ తర్వాత వేశాను. తోక చివరి దాకా కాకుండా, ముందువైపు రెక్క చట్రాన్ని దాటించి, వెనకవైపు ఒక్కొక్కటి ఒక్కో గడిలో ముగిసేలా, చివరలు చిత్రిక పట్టినట్టు సన్నబరచి. నాలుగూ ఒకే చోట ఆగితే విరగడానికి మనమే గీత గీసి ఇచ్చినట్టవుతుంది.

అంతా అయ్యాక వారం రోజులు ఊరికే వదిలేశాను. ముట్టుకుంటే గట్టిగా అనిపించినా, పూర్తి బలం రావడానికి చాలా ఎపాక్సీలకు ఏడు రోజులు పడుతుంది. గదిలోనే గట్టిపడిన ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. కొత్త ఫిల్ము వేసేటప్పుడు వేడి గాలి యంత్రం అతుకుల మీద ఎక్కువసేపు నిలపకుండా, సాధ్యమైనంత వరకు ఇస్త్రీ పెట్టెతోనే పని కానిచ్చాను. ఎండలో మూసి ఉంచిన కారులోనూ ఆ వేడి సులువుగా వస్తుంది. ఇప్పుడు విమానం మీద ఎప్పుడూ తెల్లటి దుప్పటి ఉంటుంది.

రుద్దే ముందు ఎపాక్సీ మీద జిడ్డుగా చేరిన పొరను గోరువెచ్చటి నీళ్లతో కడిగేయాలి, లేదంటే గరుకు కాగితం జిడ్డుతో నిండిపోతుంది, తర్వాతి పూత పట్టదు. కార్బన్‌ను తడిపే రుద్దాను, మాస్కుతో, నిండు చేతుల చొక్కాతో. అయినా ఒక సన్నటి కార్బన్ ముల్లు వేలిలో దిగింది. అది బయటికి వచ్చేదాకా రెండు రోజులు పెన్ను పట్టుకోవడం కూడా బాధగా ఉంది.

ఏప్రిల్ మొదటి ఆదివారం, ఫిల్ము వేయకముందే, అదే బల్ల మీద అదే కర్రకు అదే కిలో బరువు కట్టాను. ఒకటిన్నర డిగ్రీలు. ఫిల్ము లేకుండా ఆరు ఉన్నది! కర్రను వదిలేసి మళ్లీ కట్టి చూశాను, నమ్మకం కలగక. చేత్తో తోక పట్టుకుని తిప్పితే మొత్తం ఒకే ముక్కలా ప్రతిఘటించింది. ఆ సాయంత్రం ఎంత సంతోషంగా ఉన్నానో ఇంట్లో వాళ్లకు కూడా తెలిసిపోయింది.

ఇక బరువు. మొత్తం 165 గ్రాములు పెరిగింది, ఎనిమిది కిలోల మీద రెండు శాతం. చూడటానికి తక్కువే, కానీ ఎక్కడ పెరిగిందన్నదే ముఖ్యం. తోకలో వేసిన సుమారు 60 గ్రాములు గరిమనాభికి (విమానం బరువు ముందుకూ వెనక్కూ సమంగా తూగే చోటుకి) సగటున 55 సెంటీమీటర్ల వెనక ఉన్నాయి. ముక్కులో వేసిన 45 గ్రాములు 35 సెంటీమీటర్ల ముందున్నాయి. చక్రాల దగ్గరి 60 గ్రాములు దాదాపు నాభి దగ్గరే. గుణించి తీసివేస్తే తోక వైపే మొగ్గు మిగిలింది. సీసం ముక్కలు వేయడం నాకు ఇష్టం లేదు. 180 గ్రాముల బ్యాటరీని 8 సెంటీమీటర్లు ముందుకు జరిపితే నాభి పాత చోటికి వచ్చింది. మీరు కూడా ప్రతి ముక్కా అతికించే ముందు తూచి, నాభి నుంచి దూరంతో సహా రాసుకోండి, చివర్లో తల పట్టుకోవక్కర్లేదు.

కార్బన్ రేడియో తరంగాలను అడ్డుకుంటుంది. గాజు అడ్డుకోదు. 2.4 గిగాహెర్ట్‌జ్ రిసీవరు తీగ కొనలో పని చేసే భాగం మూడు సెంటీమీటర్లే, అది కార్బన్ చాటున పడితే విమానం కొన్ని కోణాల్లో మన మాట వినదు. రెండు తీగ కొనలనూ కార్బన్ లేని బాల్సా ప్రాంతానికి మార్చి, ఒకదానికొకటి లంబంగా అతికించాను. చేతిలో పట్టుకుని నడిపే ట్రాన్స్‌మిటరును తక్కువ శక్తిలో పెట్టి దూర పరీక్ష చేశాను, ఇంజిను ఆపి ఒకసారి, నడుపుతూ ఒకసారి, విమానాన్ని అన్ని వైపులకూ తిప్పుతూ.

ఏప్రిల్ 20న మొదటిసారి ఇంజిను వేశాను. ఒక మిత్రుడు తోక పట్టుకున్నాడు. పూర్తి వేగంలో కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, ఫైర్‌వాల్ మూలలన్నీ టార్చితో చూశాను. నూనె చెమ్మ లేదు, ఇంజిను బోల్టులు వదులవలేదు. తర్వాతే గాలిలోకి. మొదటి పది నిమిషాలు మెల్లగా తిప్పి దింపి, మూత తీసి అన్నీ చూసి, మళ్లీ ఎక్కించాను. పక్కకు ఒరిగించి కత్తి అంచులా ఎగరవేసినప్పుడు తేడా బాగా తెలిసింది. ఇంతకుముందు చుక్కాని వేస్తే తోక ఒక్క క్షణం ఆలోచించుకుని కదిలేది, ఇప్పుడు ట్రాన్స్‌మిటరు మీది కర్ర కదిపిన వెంటనే కదులుతోంది. కావలసిన చుక్కాని కూడా తగ్గింది, పాత సెట్టింగులు కొన్ని మార్చుకోవాల్సి వచ్చింది.

మే నెల మధ్యలో ఈదురుగాలిలో దించుతుంటే ఒక చక్రం ముందుగా గట్టిగా తగిలింది. విమానం పక్కకు తిరిగి ఆగింది. పరుగెత్తుకెళ్లి చూస్తే కాళ్లు ఊడి పక్కన పడి ఉన్నాయి. నైలాన్ బోల్టులు తలల దగ్గర తెగిపోయాయి. పలక కదల్లేదు, కార్బన్ బట్ట మీద ఒక్క తెల్ల గీత లేదు, నాణెంతో తడితే అన్నిచోట్లా ఒకే మోత. ఉక్కు బోల్టులు వేసి ఉంటే ఆ దెబ్బ పలకను దాటి అడ్డ చట్రాలను చీల్చేది. తెగిన ముక్కలను పట్టకారుతో తిప్పి తీసి, పెట్టెలో ఉన్న కొత్త నైలాన్ బోల్టులు బిగించి, ప్రొపెల్లరు మార్చి, మధ్యాహ్నానికి మళ్లీ ఎగరవేశాను.